ఏనుగు ధర సరే, మేత మాటేమిటి?

"సాఫ్ట్‌వేర్ వాడివి, నీకు ల్యాబుల గొడవెందుకోయ్" అంటారేమో. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టే అడుగుతున్నానండీ. నాలుగు సర్వర్లు కొనాలంటే మన ఆఫీసుల్లో మూడు మీటింగులు పెడతారు. ఐదేళ్ళ కరెంటెంత, లైసెన్సులెంత, సపోర్టెంత అని ఎక్సెల్ షీట్లు నింపి నింపి వేళ్ళు నొప్పెడతాయి. అదే మన పన్నుల డబ్బుతో నడిచే ప్రయోగశాలలో లక్షలు పోసి యంత్రం కొనేటప్పుడు జరిగేదేమిటి? స్పెసిఫికేషన్ల గడప దాటిన వాళ్ళలో ఎవడు తక్కువ కోట్ చేశాడు, అంటే ఎల్-1 ఎవడు, అని చూసి సంతకం పెట్టేస్తారు. పదేళ్ళపాటు ఆ యంత్రం ఏం తింటుందో అడిగే నాథుడుండడు.

ఏం తింటుందో ఒక్క ఉదాహరణతో చూద్దాం. బయాలజీ ల్యాబుల్లో రక్తం, డీఎన్ఏ, కణాల శాంపిళ్ళు దాచడానికి మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్లుంటాయి. పాతకాలపు మోడల్ ఒకటి రోజుకి 20 యూనిట్ల దాకా లాగుతుంది. ఒక మధ్యతరగతి ఇంటికి అది మూడు రోజుల కరెంటు! అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే కంప్రెసర్, హైడ్రోకార్బన్ రిఫ్రిజిరెంట్ ఉన్న కొత్త మోడళ్ళు అదే పనిని 9 యూనిట్లకి అటూ ఇటూగా చేస్తాయి.

రోజుకి 11 యూనిట్లు తేడా అనుకుంటే ఏడాదికి దాదాపు 4,000. కథ అక్కడితో అవలేదు. ఫ్రీజర్ తాగిన ప్రతి యూనిట్టూ చివరికి వేడిగా మారి అదే గదిలోకొస్తుంది. ఆ వేడిని బయటికి తోలడానికి ఏసీ ఇంకో మూడో వంతు కరెంటు తాగుతుంది. అంటే ఇంకో 1,300 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకుంటే మొత్తం ఏడాదికి 47,700 రూపాయలు, పదేళ్ళకి 4,77,000. ఇది ఒక్క ఫ్రీజరుకి మాత్రమే. కొనేటప్పుడు రెండు లక్షలు తక్కువకి వచ్చిందని చవకది తెచ్చిన కమిటీ, ప్రభుత్వానికి డబ్బు మిగిల్చినట్టా, తగలేసినట్టా?

మరి అక్కడున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? కానే కాదు. అసలు చిక్కు వేరే ఉంది. యంత్రం కొనే డబ్బు ప్రాజెక్టు గ్రాంటులో ఒక పద్దు. కరెంటు బిల్లు సంస్థ కట్టేది, ఇంకో పద్దు. ప్రాజెక్టు మూడేళ్ళకో ఐదేళ్ళకో ముగుస్తుంది, యంత్రం పదేళ్ళుంటుంది. ఎంచుకునేది ఒకరు, బిల్లు కట్టేది మరొకరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టన్నమాట. గ్రాంటు అయిపోయాక ఏఎంసీకి డబ్బుండదు. చిన్న స్పేర్ పార్టు పోయినా యంత్రం మీద గుడ్డ కప్పి మూలన పెట్టేస్తారు. నష్టపోయేది ఎవరయ్యా అంటే, దాని మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు.

ఇదంతా విని "అయితే లేటెస్ట్ మోడల్ కొనేస్తే సరి" అనుకునే రెండో రకం వాళ్ళూ ఉన్నారు. వాళ్ళతోనూ నాకు పేచీయే :-) బ్రోషర్లో "మోడర్న్" అని రాసినంత మాత్రాన ఖర్చు తగ్గిపోదు. కెమిస్ట్రీ ల్యాబుల్లో విషవాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌నే తీసుకోండి. వాయువులతో పాటు చల్లబరిచిన ఏసీ గాలినీ అది ఇరవై నాలుగ్గంటలూ బయటికి తోసేస్తుంటుంది. అద్దం తలుపు దించగానే గాలి లాగడం తగ్గించే కొత్త రకం హుడ్లు వచ్చాయి, నిజమే. కానీ తలుపు తెరిచిపెట్టి ఇంటికెళ్ళే వాడి చేతిలో ఆ కొత్తదీ పాతదీ ఒకటే.

ఇక రక్తపరీక్షల ల్యాబుల్లో "మెషీన్ ఫ్రీ సార్, రీఏజెంట్లు మాత్రం మా దగ్గరే కొనాలి" అనే బేరం. మనకి బాగా తెలిసిన వెండర్ లాకిన్, అంతే. పైగా పేషెంట్లు తక్కువ ఉన్నా రోజూ కంట్రోల్ పరీక్షలు నడపాల్సిందే. రోజుకి పది శాంపిళ్ళు, రెండు కంట్రోళ్ళు అయితే పది రిపోర్టులకి పన్నెండు పరీక్షల మందు ఖర్చు. దీనికి తోడు గడువు తీరి పారేసే కిట్లు. ఫ్రీ మెషీన్ ధర పేషెంటు బిల్లులో కనపడుతుంది.

ఇప్పుడు మన సబ్జెక్టుకి వద్దాం. ప్రతి పెద్ద యంత్రం పక్కనా ఒక పీసీ ఉంటుంది. యంత్రం పదిహేనేళ్ళు బతుకుతుంది, విండోస్ బతకదు. ఎక్స్‌పీకి 2014లో, 7కి 2020లో, 10కి 2025 అక్టోబరులో మామూలు సపోర్టు ఆగిపోయింది. 2017 మేలో వాన్నక్రై దెబ్బకి ఇంగ్లండు ప్రభుత్వాసుపత్రుల్లో 1,220 డయాగ్నస్టిక్ పరికరాలకి వైరస్ సోకింది. అప్‌గ్రేడ్ అడిగితే కొన్ని కంపెనీలు "కొత్త మెషీన్ కొనుక్కోండి" అంటాయి. డేటా మామూలు ఫార్మాట్లో బయటికి రాకపోతే పదేళ్ళ ఫలితాలు కూడా దానితోనే సమాధి.

"ఇవన్నీ లెక్కేసి ఎక్కువ ధరకి కొంటే ఆడిట్ వాళ్ళు పీక పట్టుకుంటారు" అనేది మామూలుగా వినపడే సాకు. మన విద్యుత్ సంస్థలు ట్రాన్స్‌ఫార్మర్లు కొనేటప్పుడు ఏం చేస్తాయో చూడండి. అందులో జీవితకాలమంతా పోయే కరెంటుని రూపాయల్లోకి మార్చి, బిడ్ ధరకి కలిపి, అప్పుడు పోలుస్తాయి. ఆ సూత్రం టెండర్లోనే ముందు రాసిపెడతాయి. అప్పుడు ఎల్-1 అంటే నిజంగా చవకైనవాడే. 2025 జూన్‌లో కేంద్రం తన శాస్త్ర పరిశోధన సంస్థల డైరెక్టర్లకీ, వైస్ ఛాన్సలర్లకీ జెమ్ పోర్టల్ బయట కూడా పరికరాలు కొనే వీలిచ్చింది. ఇంకా నియమాల మీద నెపం వేస్తే ఎలా?

టెండర్లో నాలుగు లైన్లు చేర్చండి చాలు. రోజుకెన్ని యూనిట్లు, ఎంత గది ఉష్ణోగ్రత దగ్గర కొలిచారు? వారంటీ అయ్యాక ఏడేళ్ళ ఏఎంసీ ఎంత, ఇప్పుడే రాసివ్వండి. అన్నీ కలిపి ఒక్కో రిపోర్టుకి పడే ఖర్చెంత? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, డేటా ఎక్స్‌పోర్టు ధరలో ఉన్నాయా?

కొత్తది కొనే స్తోమత లేదా? పాత ఫ్రీజర్‌నే మైనస్ 80 నుంచి 70కి మార్చండి. చాలా రకాల శాంపిళ్ళకి అది సరిపోతుంది, కరెంటు దాదాపు మూడో వంతు దాకా తగ్గుతుంది, కంప్రెసరూ ఊపిరి పీల్చుకుంటుంది. ఎవడిదో తెలియని డబ్బాలతో నిండిన ఫ్రీజర్‌ని ఖాళీ చేసి ఆపేస్తే ఇంకా మంచిది. అన్నిటికన్నా పొదుపైన యంత్రం ఆపేసిన యంత్రమే కదా.

ఇది చదివేవాళ్ళలో ఆసుపత్రులకీ, ఫార్మాలకీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈసారి క్లయింటు దగ్గర కొనుగోళ్ళ మాటొస్తే నోరు మూసుకుని కూర్చోకండి. మనం సర్వర్లకి రోజూ వేసే లెక్క వాళ్ళకీ వేసి చూపించండి. ఏనుగుని ఎవడైనా కొంటాడు. మేపేదెవరో ముందే తేల్చుకోమని చెప్పండి.