కంపెనీ పెట్టె ఉండగా మన రౌటరు ఎందుకమ్మా?

పప్పుకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలి, గ్యాస్ పొయ్యి మంట ఎర్రగా ఎందుకొస్తోంది అని అడిగేవారే ఇదివరకు ఎక్కువ. ఇప్పుడు వాటి సరసన ఇంకో ప్రశ్న చేరింది. ‘వైఫై వంటింట్లోకి రావడం లేదు, ఏం చెయ్యాలి?’ అని! నవ్వకండి. ఇంటర్నెట్టు కూడా ఇప్పుడు పాల ప్యాకెట్టులా ఇంటి ఖర్చే కదా. డబ్బు కడుతున్నప్పుడు దాని సంగతి ఇల్లాలికి తెలియాలి.

సోంపేట వైపు పల్లె నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం చూడండి. ‘అప్పా! మా ఇంటాయన పని మీద పై దేశంలో ఉన్నారు. రాత్రి తొమ్మిది దాటితే గాని ఆయనకి తీరిక దొరకదు. మా గది వెనక వైపు. అక్కడ ఫోను మాట తెగిపోతోంది. వీధి అరుగు మీద కూర్చుంటే బాగానే వస్తోంది గాని, మొగుడూ పెళ్లాల మాటలు వీధి వీధంతా వినాలా? మా మేనల్లుడు కొత్త రౌటరు కొని తగిలించాడు. వెనక గదిలో నెట్టు వచ్చింది, అత్తగారి టీవీ పోయింది! కేబులబ్బాయి వచ్చి, బయట కొన్నది మా లైనుకి పనికిరాదు, తీసెయ్యండి అన్నాడు. ఏటి చెయ్యమంటారు?’

ఇద్దరిదీ సగం సగం నిజమే చెల్లీ. ఎలాగో చెబుతాను.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలా ఇళ్లకి ఫైబరు తీగ వచ్చింది కరెంటు స్తంభాల మీదుగానే. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అనే సంస్థను పెట్టింది. దారి పొడవునా నేల తవ్వే కన్నా ఉన్న స్తంభాలకే తీగ కడితే ఖర్చు తగ్గుతుందన్నది ఆలోచన. దీన్ని నడిపించే కేంద్రాన్ని విశాఖపట్నంలో పెట్టారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను మూడూ ఇచ్చారు. తర్వాత ధరలు మారాయి గాని, ఒకే తీగలో మూడూ రావడం మాత్రం అలాగే ఉంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది!

ఆ సన్నని గాజు తీగలో వచ్చేది కరెంటు కాదు, వెలుతురు. దాన్ని మన ఫోనుకి, టీవీకి అర్థమయ్యేలా మార్చేది కంపెనీ వాళ్లు గోడకి బిగించిన పెట్టె. ఆ పెట్టె నంబరు వాళ్ల దగ్గర నమోదై ఉంటుంది. దాన్ని తీసేసి బజారులో కొన్నది పెడితే లైను పలకదు. పైగా లోపల టీవీకి ఒక దారి, నెట్టుకి ఒక దారి, ఫోనుకి ఒక దారి విడివిడిగా ఉంటాయి. ఒకే కాలవ నీళ్లు మూడు మడులకి మూడు తూముల్లోంచి వెళ్లినట్టన్న మాట. టీవీ తీగను కొత్త రౌటరులో గుచ్చితే, టీవీ దారి ఆ రౌటరుకి తెలియదు. అందుకే అత్తగారి సీరియల్ ఆగిపోయింది!

కాబట్టి మొదటి సూత్రం: కంపెనీ పెట్టెను తియ్యకండి. దాని పక్కన మన రౌటరును చేర్చండి.

అయితే కొనే ముందు ఒక చిన్న పరీక్ష. ఫోను పట్టుకుని పెట్టె పక్కనే నిలబడి వీడియో చూడండి. అక్కడ బాగా వచ్చి వెనక గదిలో రాకపోతే లోపం వైఫైది, రౌటరు ఉపయోగపడుతుంది. పెట్టె పక్కన కూడా ఆగి ఆగి వస్తుంటే లోపం లైనుది కావచ్చు, మీ ప్లానుది కావచ్చు. అప్పుడు ఎంత ఖరీదైన రౌటరు కొన్నా గోడకి సున్నం వేసి పైకప్పు కారడం ఆపాలనుకున్నట్టే! పెట్టె మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం వెలుగుతుంటే వెలుతురు ఇంటిదాకా రావడం లేదని గుర్తు. ఆపరేటరుకి ఫోను చెయ్యండి, బజారుకి వెళ్లకండి.

పరీక్షలో రౌటరు అవసరమే అని తేలిందా? ఇలా చెయ్యండి.

ముందు పెట్టె వెనక తీగలు ఎలా ఉన్నాయో ఫోనుతో ఫొటో తీసుకోండి. టీవీ తీగకి ఒక ఎర్ర దారం కట్టండి. ఆ దారం కట్టిన తీగను ఎవరూ కదపకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

కంపెనీ పెట్టెకి నెట్టు ఇచ్చే ల్యాన్ రంధ్రం ఏదో ఆపరేటరును అడిగి, అందులోంచి తీగ తెచ్చి కొత్త రౌటరులో వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టండి. రౌటరు సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్’ అనే పద్ధతి ఉంటే అది ఎంచుకోండి, గొడవ తక్కువ. తీగ పొడుగ్గా కొనుక్కుంటే రౌటరును వెనక గది దాకా తీసుకెళ్లవచ్చు. రెండూ పక్కపక్కనే పెడితే పెద్దగా లాభం లేదు.

కొత్త వైఫైకి వేరే పేరు పెట్టండి. ఏది ఎక్కడ బాగా వస్తోందో తెలుస్తుంది. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డు మార్చండి. కొత్తది మీ నోటుబుక్కులో రాసుకోండి, గోడ మీద కాదు!

రౌటరును బీరువా వెనక, ఫ్రిజ్ మీద, బియ్యం డ్రమ్ము చాటున పెట్టకండి. ఇనుము, నీళ్లు, మందపాటి రాతిగోడలు వైఫైని అడ్డుకుంటాయి. భుజం ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీ ఉన్న చోట పెట్టండి. అందులో రెండు రకాలు వస్తే 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం పోతుంది, 5 గిగాహెర్ట్జ్‌ది దగ్గరలో వేగంగా ఉంటుంది. వెనక గదికి మొదటిదే మేలు.

కొన్ని చెయ్యకూడని పనులు కూడా ఉన్నాయి. పెట్టె వెనక సూదిమొన పట్టేంత రంధ్రంలో రీసెట్ మీట ఉంటుంది. పిల్లలు పిన్నీసుతో నొక్కితే లోపలి సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, మళ్లీ ఆపరేటరు రావాల్సిందే. సన్నని ఫైబరు తీగను చీర మడత పెట్టినట్టు మడవకండి, లోపల గాజు విరుగుతుంది. ఊడిన తీగ కొసలోకి తొంగి చూడకండి, అందులోని వెలుతురు కంటికి కనపడదు గాని కంటికి మంచిది కాదు. ఒక పెట్టె అడాప్టరును ఇంకోదానికి పెట్టకండి. టీవీ, నెట్టు పెట్టెలు రెండూ కలిసి ఒకటిగా ఉంటే ఆపరేటరు ఎదురుగానే పని చేయించండి. ‘బ్రిడ్జి మోడు’ చేద్దాం అని ఎవరైనా కుర్రాడు అంటే, టీవీ, ఫోను ఆగవని ఆపరేటరు చెప్పాకనే ఒప్పుకోండి.

మనకి తుపానుల సంగతి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు ఎలా పడిపోయాయో చూశాం. స్తంభం పడితే దాని మీది ఫైబరూ పోతుంది. అది రౌటరు తప్పు కాదు. మామూలు కరెంటు కోతలకైతే కంపెనీ పెట్టెకీ, మన రౌటరుకీ రెంటికీ బ్యాటరీ ఆసరా ఉండాలి, ఒకదానికే ఉంటే ఉపయోగం లేదు. ఉరుములు మొదలైతే రెండు ప్లగ్గులూ పీకెయ్యండి.

ఇక కేబులబ్బాయితో మాట. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి తమకు నచ్చిన రౌటరు వాడుకునే హక్కు చట్టంలోనే ఉంది. మనం దెబ్బలాడక్కర్లేదు. ‘బాబూ, నీ పెట్టె కదపడం లేదు, టీవీ తీగ ముట్టుకోవడం లేదు, ఒక్క ల్యాన్ తీగ ఇస్తే చాలు’ అనండి. అందుకు కాదనే కారణం ఉండదు. కంపెనీ పెట్టెకి డిపాజిట్టు కట్టి ఉంటే రసీదు దాచుకోండి. కనెక్షను మానేసినప్పుడు వాళ్లది వాళ్లకి ఇచ్చెయ్యాలి. మన రౌటరు మాత్రం మనదే, రేపు కంపెనీ మారినా మనతోనే వస్తుంది.

సోంపేట చెల్లెలు చెయ్యాల్సింది చాలా చిన్న పని. టీవీ తీగ మళ్లీ కంపెనీ పెట్టెలో పెట్టించి, రౌటరును తన గదిలోకి మార్పించుకోవాలి. ఇంట్లో ఎవరికి ఏ గదిలో నెట్టు కావాలో అడిగేటప్పుడు ఇల్లాలి గది ఆఖరున ఎందుకుండాలి? తలుపు వేసుకుని పది నిమిషాలు తన మనిషితో మాట్లాడుకోవడం కూడా ఇంటి అవసరాల్లో ఒకటే, ఏమంటారు?