నడుము నొప్పికి చికిత్స కమాను కట్టల దగ్గర మొదలు కావాలి



నడుము పట్టుకొని ఆసుపత్రికి వచ్చే పికప్ బండి డ్రైవరును వైద్యులు అడిగే ప్రశ్నలు మీకు తెలిసినవే. బరువులు ఎత్తుతారా? పొగ త్రాగుతారా? మధుమేహం ఉన్నదా? నొప్పి కాలిలోకి దిగుతున్నదా? ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. కాని వీటి సరసన మరొక ప్రశ్న కూడా ఉండాలి: ‘మీ బండి షాక్ అబ్జార్బర్లు మార్చి ఎన్నేళ్ళయింది?’ పదేళ్ళు, పదిహేనేళ్ళు తిరిగిన పికప్‌ను నడిపేవారి విషయంలో ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం ఎక్స్‌రే కంటె ఎక్కువ సంగతులు చెప్పగలదు. బండి కుదుపును తగ్గించడం విలాసం కాదు, వైద్యంలో ఒక భాగం. ఇదే నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

వెన్నెముక, బండి: రెండూ ఒకే సూత్రం

మన వెన్నెముకలో కదిలే పూసల మధ్య 23 మెత్తలు ఉంటాయి. వాటినే డిస్కులు అంటాము. ఇవి పైనుండి వచ్చే బరువును, క్రిందినుండి వచ్చే అదురును పంచుకొంటాయి. పెద్దవారిలో వీటికి నేరుగా రక్తసరఫరా దాదాపు ఉండదు. చుట్టుప్రక్కల కణజాలం నుండి పోషకాలు మెల్లగా ఊరి లోపలికి చేరవలసినదే. అందుచేత ఒకసారి దెబ్బతిన్న డిస్కు కోలుకోవడం చాలా నెమ్మది.

ప్రతి వస్తువుకూ సహజంగా ఊగే వేగం ఒకటి ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపుకు సరిగ్గా కలిసేటట్లు తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది కదా! కూర్చొని ఉన్న మనిషి మొండెం క్రిందినుండి పైకి వచ్చే అదురుకు సెకనుకు సుమారు 4 నుండి 6 సార్ల వద్ద ఎక్కువగా స్పందిస్తుంది. ఆ వేగంతో సీటు కదిలితే ఆ కదలిక వెన్నెముకలో పెరుగుతుందే గాని తరగదు. నడుము కండరాలు ప్రతి కుదుపుకూ బిగుసుకొని వెన్నును కాపాడాలని చూస్తాయి. కాని అదురు అంత వేగంగా వచ్చినప్పుడు వాటి స్పందన ఆలస్యమై, అవి అలసిపోవడమే మిగులుతుంది.

ఇది ఒక్క వైద్యుని ఊహ కాదు. జర్మనీ 1993లో, దీర్ఘకాలం శరీరమంతటికీ తగిలిన అదురు వలన వచ్చే నడుము డిస్కు వ్యాధిని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఐరోపా సమాఖ్య 2002లో కార్మికులకు తగిలే అదురుకు కొలతలు నిర్ణయించింది. 8 గంటల పనిదినానికి లెక్కగట్టిన సగటు, సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని నివారణ చర్యలు మొదలుపెట్టాలి. 1.15 మీటర్లు దాటనే కూడదు.

ఈ లెక్కలో ఒక విశేషం ఉన్నది. అదురు తీవ్రత 0.5 ఉన్న బండిలో 8 గంటలు కూర్చున్నప్పుడు శరీరానికి చేరే మోతాదు, తీవ్రత 1.0 ఉన్న బండిలో 2 గంటలకే చేరుతుంది. అనగా కుదుపును సగానికి తగ్గించడం, పని గంటలను నాలుగో వంతుకు తగ్గించడంతో సమానం. పొట్టకూటి కోసం స్టీరింగ్ పట్టిన మనిషి గంటలు తగ్గించుకోలేడు. కుదుపును మాత్రం తగ్గించుకోగలడు.

ఖాళీ బండే ఎందుకు ఎక్కువ ఎగురుతుంది?

మన రోడ్లపై తిరిగే పికప్‌లలో చాలావాటికి వెనుక ఇరుసు మీద ఉండేవి కమాను కట్టలు. వాటిని టన్నుకు అటూ ఇటూ సరుకు మోయడానికి తయారు చేస్తారు. నిండు బరువు మీద కమాను కుంగి నెమ్మదిగా ఊగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు అదే కమాను దాదాపు కుంగదు. బరువుకు కమాను 16 సెంటీమీటర్లు కుంగితే బండి సెకనుకు సుమారు 1.25 సార్లు ఊగుతుంది. 4 సెంటీమీటర్లే కుంగితే 2.5 సార్లు ఊగుతుంది. మార్కెట్టు యార్డులో సరుకు దింపి తిరిగివచ్చే ప్రయాణమే నడుముకు కష్టమని డ్రైవర్లు చెప్పే మాటకు కారణం ఇదే.

పాత బండిలో దీనికి మరొకటి తోడవుతుంది. కమాను కట్ట అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. బండి కుంగినప్పుడల్లా అవి ఒకదానిపై ఒకటి జారాలి. ఏళ్ళ తరబడి వాననీరు, బురద చేరి పట్టీల మధ్య తుప్పు పట్టితే అవి జారవు. చిన్న చిన్న గతుకులకు కమాను అసలు కదలదు. అప్పుడు బండి బరువంతా టైర్ల మీదనే ఎగురుతుంది. ఆ ఎగురుడు వేగం మరింత పెరిగి, వెన్నెముకకు ఏ వేగం చేటు చేస్తుందో దాని దగ్గరికే చేరుతుంది. పైకి చూస్తే కమాను దృఢంగానే కనిపిస్తుంది. అది బిగుసుకుపోయిన కీలు వంటిది; కీలు పట్టేస్తే ఆ భారం ప్రక్క కీళ్ళ మీద పడినట్లే, కమాను పట్టేస్తే భారం మనిషి నడుము మీద పడుతుంది.

ఏ పని ముందు, ఏ పని తరువాత?

వైద్యంలో వలెనే ఇక్కడ కూడా ముందు పరీక్ష, తరువాత చికిత్స. ఖర్చు తక్కువైన దానితో మొదలుపెట్టండి.

మొదటిది టైర్ల గాలి. తయారీదారు ఖాళీ బండికి ఒక కొలత, నిండు బండికి మరొక కొలత ఇచ్చి ఉంటే ఆ ప్రకారమే పాటించండి. నిండు లోడుకు కొట్టించిన గాలితోనే నెలల తరబడి ఖాళీగా తిరిగితే టైరు రాయివలె ఉంటుంది. అలాగని చెప్పిన కొలత కంటె తగ్గించరాదు. గాలి తక్కువైన టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉన్నది.

రెండవది కమాను కట్టలను విప్పించి శుభ్రం చేయించడం. తుప్పు గీకించి, విరిగిన పట్టీ ఉంటే మార్పించి, పట్టీల మధ్య లైనర్లు ఉండే రకమైతే కొత్తవి వేయించండి. వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను పైనుండి పోయడం చాలాచోట్ల చూస్తాము. అది దుమ్మును పట్టుకొంటుంది, రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది. ఆ పని వద్దు.

మూడవది బుష్‌లు. కమాను రెండు చివరలా ఉండే ఈ చిన్న రబ్బరు ముక్కలు వెన్నెముకలోని డిస్కుల వంటివి. అరిగితే ఇనుము ఇనుమును కొడుతుంది. ప్రతి గతుకుకూ ‘టక్’మని శబ్దం వస్తే ముందు వీటిని, షాకిళ్ళను చూపించండి. ఇరుసుపై ఉండే రబ్బరు దిమ్మలు ఊడిపోయి ఉంటే అవి కూడా వేయించండి. పెద్ద గుంతలో బండి అడుగంటినప్పుడు దెబ్బను ఆపేవి అవే.

నాలుగవది షాక్ అబ్జార్బర్లు. పేరు ఏమైనా, వీటి అసలు పని ఊపును ఆర్పడం. నూనె కారుతున్నా, గతుకు దాటిన తరువాత కూడా బండి ఊగుతూనే ఉన్నా అవి చచ్చినట్లే. ఒక్కటి కాక ఇరువైపులా జతగా మార్చాలి. ‘హెవీ డ్యూటీ’ అన్న మాట చూసి మరీ గట్టివి వేయిస్తే ఖాళీ బండిలో కుదుపు తగ్గదు సరికదా, పెరుగుతుంది. బండికి నిర్ణయించినవే వేయించండి.

అయిదవది సీటు. స్పాంజి కుంగి రేకు తగులుతున్న సీటు మీద మిగతా మరమ్మతుల ఫలం సగమే దక్కుతుంది. దానికి విరుగుడుగా మందపాటి మెత్తని దిండు వేసుకోవడం మరొక పొరపాటు. స్పాంజి సీటు కూడా ఒక స్ప్రింగే. సాధారణంగా అది సెకనుకు 4 సార్ల దగ్గర అదురును తగ్గించడానికి బదులు పెంచుతుంది. గట్టి స్పాంజితో సీటు కట్టించుకొని, వీపును కొంచెం వెనుకకు వాల్చి, నడుము వంపు దగ్గర చిన్న ఆసరా పెట్టుకోవడం మేలు.

ఇక చేయకూడని పని ఒకటి. మెత్తదనం కోసం కమానులో ఒక పట్టీ తీయించివేయడం, లేదా ఎక్కువ బరువు వేయడానికి అదనపు పట్టీ చేర్పించడం. మొదటి పని చేసిన బండి లోడు మీద అదుపు తప్పవచ్చు, కమాను విరగవచ్చు. రెండవ పని చేసిన బండి ఖాళీగా ఉన్న ప్రతి కిలోమీటరూ డ్రైవరు నడుమును గ్రుద్దుతుంది. పైగా అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు చట్టంలోనే ఉన్నవి.

‘సరుకు బండికి ఇవన్నీ ఎందుకు?’

ఈ మాట యజమానుల నోట తరచుగా వినిపిస్తుంది. రోడ్లు బాగుచేస్తే చాలదా అని కూడా అంటారు. రోడ్ల మాట నిజమే. స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేటట్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో సూచించింది. మన ఊళ్ళలో రాత్రికి రాత్రి వెలిసే గట్లకూ ఆ కొలతకూ పొత్తు లేదు. కాని రోడ్డు మారే దాకా నడుము ఆగదు.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. మరమ్మతు ఖర్చు యజమానిది, నొప్పి డ్రైవరుది. ఇంజన్ ఆగిపోతే యజమాని రాబడి ఆగుతుంది గనుక ఆ రోజే మెకానిక్ వస్తాడు. షాక్ అబ్జార్బరు చచ్చిపోతే సరుకు ఎప్పటివలెనే చేరుతుంది గనుక ఎవరికీ తొందర ఉండదు. ఆ మిగిలిన సొమ్ము నొప్పి మాత్రల రూపంలో డ్రైవరు జేబులోనుండి పోతుంది. ఆ మాత్రలను ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల నష్టం వస్తాయి. ఒక జత షాక్ అబ్జార్బర్ల ఖర్చును ఒక డయాలిసిస్ రోగి కుటుంబం మోసే ఖర్చు ప్రక్కన పెట్టి చూడండి.

ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పత్రం తీసుకోవలసి ఉన్నది. ఆ పరీక్షలో బ్రేకులను, దీపాలను చూసినంత శ్రద్ధగా కమాను కట్టలను, షాక్ అబ్జార్బర్లను, డ్రైవరు సీటును కూడా చూడాలని నా అభిప్రాయం. బండికి ఫిట్‌నెస్ ఉన్నదంటే అది నడిపేవారి శరీరానికి కూడా తగినదై ఉండాలి.

మరొక్క మాట. మిరప కోతలకు, పత్తి తీతలకు కూలీలను పికప్ వెనుక తొట్టిలో ఎక్కించుకొని పోవడం మన పల్లెల్లో నిత్యం చూసే దృశ్యం. చట్టరీత్యా అది తప్పు. వైద్యరీత్యా అంతకంటె పెద్ద తప్పు. వెనుక ఇరుసు మీద, సీటు కూడా లేని ఆ రేకు మీద తగిలే దెబ్బ బండి మొత్తంలో అన్నిటికంటె గట్టిది. ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీకి ఒక్క స్పీడ్ బ్రేకరు చాలు, నడుము పూస నలిగిపోవడానికి. గర్భిణులను ఎట్టి పరిస్థితిలోనూ ఎక్కించరాదు.

డ్రైవరు సోదరులకు

ఖాళీ బండిని నెమ్మదిగా నడపండి. వేగం పెరిగినకొద్దీ అదురు పెరుగుతుంది. రెండు గంటలకు ఒకసారి దిగి అయిదు నిమిషాలు నడవండి. దూర ప్రయాణం చేసి దిగిన వెంటనే బస్తా ఎత్తకండి. అలసిన కండరాలు ఆ క్షణంలో వెన్నును కాపాడలేవు. పొగ మానండి, డిస్కు క్షీణతకు పొగాకు తోడ్పడుతుంది. సాధారణ నడుము నొప్పి చాలామందిలో కొన్ని వారాలలో తగ్గుతుంది; దానికి తొలిరోజే ఎం.ఆర్.ఐ. అక్కరలేదు. కాని కాలు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా, కూర్చునే భాగంలో స్పర్శ తెలియకపోయినా ఒక్క పూట కూడా ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికి చేరండి.

బండి యజమానులైన పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఈ వారంలో ఒకరోజు, ఖాళీ బండిలో, మీరే డ్రైవరు సీటులో కూర్చొని ఇరవై కిలోమీటర్లు నడిపి రండి. ఆ తరువాత మెకానిక్ దగ్గరికి పోవాలో వద్దో మీ నడుమే మీకు చెబుతుంది.