మంచములు లేని కళాశాలలు

నర్సుల పట్టవిద్యలో నూతన పద్ధతులు రావలయునని సభలలో నుపన్యాసములు మెండుగా జరుగుచున్నవి. రావలదని మే మనము. కాని నూతనత్వమను పేరిట నసలు విద్యయే మాయమగుచుండఁగా నూరకుండుట తగునా?

1946లో ఢిల్లీయందును రాయవేలూరునందును నర్సులకు పట్టవిద్య మొదలయ్యెను. వైద్యుఁడు చెప్పినది చేయుటయే కాక, తాను చూచినదానిని గూర్చి యోచింపఁగల నర్సు కావలయుననుట దాని తాత్పర్యము. 2021లో భారత నర్సింగు కౌన్సిలువారు ప్రకటించిన పాఠ్యప్రణాళిక సెమిస్టరు పద్ధతిని, సిమ్యులేషను శిక్షణమును గూడ విధించినది. కాగితముమీఁద నెన్నఁదగిన ప్రణాళికయే.

కాగితమును విడిచి కళాశాలలకుఁ బోయి చూతము. మధ్యప్రదేశమున హైకోర్టు ఉత్తరువుపై సి.బి.ఐ. వారు 308 నర్సింగు కళాశాలలను తనిఖీ చేసి, 169 మాత్రమే యోగ్యములనియు, 74 లోపములు గలవనియు, 65 అయోగ్యములనియు 2024లోఁ దెలిపిరి. అంతటితో ముగిసెనా? ఆ యేఁటి మే నెలలోనే, అనుకూల నివేదికలకై లంచము పుచ్చుకొనిరను నారోపణపై నా శాఖ తన యుద్యోగులనే నిర్బంధింపవలసి వచ్చెను! యోగ్యములనిన 169టిని మరల పరీక్షింపుఁడని న్యాయస్థానము శాసించెను. కంచెయే చేను మేయుట యన నిదియే.

సిమ్యులేషను బొమ్మను మేము నిందింపము. బొమ్మపైఁ దప్పు చేసి దిద్దుకొనవచ్చును, రోగిపైఁ జేయరాదు. అమెరికాలో పది విద్యాలయములందు జరిగి 2014లోఁ బ్రకటితమైన పరిశోధన మొకటి, ఆసుపత్రి శిక్షణలో సగము వఱకు నిట్టి యభ్యాసముతో నింపినను ఫలితము తగ్గలేదని తేల్చినది. కాని శిక్షితులైన యుపాధ్యాయులు, అభ్యాసానంతరము చర్చ, తగిన సామగ్రి యుండవలెనను షరతు దాని వెంటనే కలదు. మన విద్యావ్యాపారులకు షరతు వినఁబడదు, సగమను మాటయే వినఁబడును.

శస్త్రచికిత్స జరిగిన రాత్రి రోగి శ్వాస నిమిషమునకు 16 నుండి 28కిఁ బెరిగినచో, ఆపద రానున్నదని ముందుగా నెఱుఁగవలసినది నర్సు. లెక్కింపకయే యన్ని మంచములకును 20 అని వ్రాయ నేర్చిన విద్యార్థి కది యెట్లు తెలియును? ప్రక్కన నిలిచి, “నీ వెట్లు లెక్కించితివి?” అని యడుగు గురువు కావలయును. కొన్నిచోట్ల రోగులు కలరు, గురువులు లేరు. జీతము లేని పనివారివలె విద్యార్థులను రాత్రులు త్రిప్పి, దానికి శిక్షణమని పేరు పెట్టుదురు.

1947 నాఁటి చట్టమునకు బదులుగా 2023లోఁ బార్లమెంటు జాతీయ నర్సింగు, ప్రసూతిసేవా కమిషను చట్టమును జేసినది. చట్టము మాఱినంతనే మంచములు పుట్టవు. మన జిల్లాలలోను పొలము కుదువఁబెట్టి బిడ్డలను ఈ చదువునకుఁ బంపు తలిదండ్రులు కలరు. ఏ కళాశాల కే యాసుపత్రి, అందు నిండిన మంచము లెన్ని, వార్డులో నిలుచు గురువు లెందఱు — ఈ పట్టికను, తనిఖీ చేసినవారి సంతకములతో, ప్రవేశములకు ముందే ప్రభుత్వమువారు ప్రకటింతురా, ప్రకటింపరా?