బొమ్మ బాగుంది, మరి ఎవరు వేయించారు?

ఈజిప్టు ప్రాజెక్టు అనగానే మన ఇళ్లలో థర్మకోల్ పిరమిడ్లు లేస్తాయి. అందులో సగం పని అమ్మానాన్నలదేనని టీచర్లకూ తెలుసు! దాని సంగతి అలా ఉంచితే, నెట్‌లోంచి ప్రింటు తీసి అంటించిన బొమ్మలకు నీట్‌నెస్ చూసి మార్కులు వేయడం మానేయాలని నా అభిప్రాయం.

ఎందుకో చెప్పడానికి ఒక్క బొమ్మ చాలు. 1798లో ఈజిప్టు మీద దండెత్తిన నెపోలియన్, సైన్యంతో పాటు నూట యాభై మందికి పైగా పండితులను, ఇంజినీర్లను, చిత్రకారులను తీసుకెళ్లాడు. వారి పరిశీలనలను ఫ్రెంచి ప్రభుత్వం 1809 నుంచి ఒక భారీ గ్రంథంగా అచ్చువేసింది. దాని తొలి పేజీలోని బొమ్మను సెసిల్ అనే చిత్రకారుడు గీశాడు.

చూడగానే అచ్చం ఈజిప్టే. గుడి ద్వారం లాంటి చట్రం, లోపల నైలు, ఆలయాలు, పిరమిడ్. కాస్త పైకి చూడండి. రథమెక్కిన ఒక వీరుడు మమ్లూకు సైనికులను తరుముతున్నాడు. అతను నెపోలియనే! ఫిరంగులతో యుద్ధం చేసినవాడికి పాత గ్రీకు వీరుల రథం ఎందుకు? కింద పాము చుట్టలో కిరీటంతో ‘ఎన్’ అక్షరం. ఫారోల పేర్లు రాసే కోలగడిలో నెపోలియన్ చిహ్నాలైన నక్షత్రం, తేనెటీగ. అప్పటికి ఫారోల లిపిని చదవగలిగినవారే లేరు. షాంపోలియన్ దాన్ని ఛేదించింది 1822లో.

నాకు ముఖ్యమనిపించేది బొమ్మలో లేనిది. ఆ దృశ్యంలో అప్పటి కైరో నగరం లేదు, అక్కడ బతుకుతున్న జనం లేరు. పైగా 1801లోనే ఫ్రెంచి సైన్యం బ్రిటిష్‌వారికి లొంగిపోయింది, రోసెట్టా శిల కూడా లండన్‌కు పోయింది. ఓడిన ఎనిమిదేళ్లకు గీయించుకున్న విజయం ఇది! మన పిల్లవాడు దీన్నే అంటించి, కింద ‘ప్రాచీన ఈజిప్టు’ అని రాస్తే పదికి పది వేసేస్తాం.

‘ఇవన్నీ పరీక్షలో రావు కదండీ’ అంటారు కొందరు. నిజమే, రావు. కానీ రోజూ ఫోన్‌లో వచ్చిపడే బొమ్మల్లో ఏది ఎవరు, ఎందుకు తయారుచేశారో అడగడం పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి? సోషల్ క్లాసులో కాకపోతే ఇంకెక్కడ?

అందుకే సోషల్ టీచర్లకు నా మనవి: ఈసారి ఐదు బొమ్మలకు బదులు ఒక్కటే అడగండి. అది ఎవరు వేయించారో, అందులో ఎవరు లేరో పిల్లలే నాలుగు వాక్యాలు రాయాలి. తల్లిదండ్రులారా, అక్షరదోషాలున్నా సరే, దయచేసి మీరు రాసివ్వకండి.