అర్జీ నుంచి హక్కుకు: అధ్యాపకుల ఫిర్యాదు పరిష్కార విధానం

విశ్వవిద్యాలయ అధ్యాపకుల సమస్యలు వినతిపత్రంతో మొదలై ధర్నాతో ముగియడం పరిపాటి అయింది. ఈ రెండింటి నడుమ ఉండవలసిన ఫిర్యాదు పరిష్కార విధానం కొరవడటమే అసలు లోపమని ఈ వ్యాసం వాదిస్తుంది.

నిజామాబాద్ జిల్లాలో ఈ వ్యత్యాసం ప్రస్ఫుటం. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారంలో యంత్రం నడిపినవారు 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికులు. తమ వివాదాన్ని సంఘం ద్వారా కార్మికశాఖ ముందుంచగలిగేవారు. 2006లో ఏర్పడి, డిచ్‌పల్లి కేంద్రంగా నడుస్తున్న తెలంగాణ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే కాంట్రాక్టు అధ్యాపకులకు ఆ దారి లేదు. విద్యాసంస్థ కూడా పరిశ్రమేనని 1978లో బెంగుళూరు నీటి సరఫరా కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, ఉపాధ్యాయులు కార్మికులు కారని 1988లో సుందరంబాళ్ కేసులో తీర్పునిచ్చింది. 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతి పాత్రికేయులను కార్మికులుగా పేర్కొన్నది, అధ్యాపకుల ఊసెత్తలేదు.

చట్టం ఉన్నా 2015లో ఆ కర్మాగారం మూతపడలేదా అని కొందరు ప్రశ్నించవచ్చు. మూసివేత యాజమాన్య, ప్రభుత్వ విధానాలకు సంబంధించినది. దాన్ని ఎదుర్కొనవలసింది సమష్టి పోరాటమే. క్రమబద్ధీకరణ కూడా అటువంటిదే. కాని ఆగిన జీతం, నిరాకరించిన సెలవు, అన్యాయమైన పనిభారం వంటివి నియమోల్లంఘనలు. వీటికి సమ్మె పెద్ద ఆయుధం, అర్జీ చిన్న ఆయుధం. హైకోర్టు ఉన్నదనడం సమాధానం కాదు. సెలవు కోసం రిట్ వేయమనడం న్యాయాన్ని నిరాకరించడమే.

పై స్మృతే ఒక నమూనాను చూపుతున్నది. ఇరవైమంది, అంతకుమించి కార్మికులున్న సంస్థలో ఇరుపక్షాలకు సమాన ప్రాతినిధ్యంతో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అది 30 రోజుల్లో విచారణ ముగించాలి. తృప్తి చెందనివారు 60 రోజుల్లోగా సంఘం ద్వారా రాజీ అధికారిని ఆశ్రయించవచ్చు. చట్టం వర్తించకున్నా ఇటువంటి విధానాన్ని పాలకమండలి తీర్మానంతో స్వీకరించవచ్చు. విద్యార్థులకు ఫిర్యాదుల కమిటీని, అంబుడ్స్‌పర్సన్‌ను 2023 యూజీసీ నిబంధనలు ఇప్పటికే కల్పించాయి. బోధించేవారికి అంతమాత్రం దక్కకపోవడం అసంగతం.

సంఘాల బాధ్యత కూడా తక్కువది కాదు. ఏ నియమం ఉల్లంఘితమైనది, ఎప్పుడు, ఏ పరిష్కారం కావాలి అన్నవి లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. ఒప్పందం పునరుద్ధరణ కోసం ఏటా ఎదురుచూసే అధ్యాపకులు ఒంటరిగా ఫిర్యాదు చేయలేరు. విచారణలో సంఘ ప్రతినిధి పక్కన ఉండాలి. ఫిర్యాదు చేసినందుకు పునరుద్ధరణ ఆపరాదన్న నియమం తీర్మానంలో మొదటిది కావాలి. అది లేని కమిటీ కాగితానికే పరిమితం.