వాటాల మేడ

అద్దె యిండ్లలో కాపురము చేయువారికి వాటా యను మాట క్రొత్తది కాదు. ఒకే యింటిని భాగించి ముందరి వాటా యొకరికి, పెరటి వాటా యొకరికి నిచ్చుట మన యూళ్లలో వాడుకయే. వ్యాపార సంఘములలో ధనవంతులు కొనెడి భాగమునకును వాటా యనియే పేరు. ఈ రెండు వాటాలును ఒక్కటియైన మేడలు న్యూయార్కు నగరమున గలవని మా యక్కగారి కుమారుడు వ్రాసిన జాబు వలన దెలిసికొంటిమి. అతడచ్చట నుద్యోగము చేయుచున్నాడు. ఒక యాదివారమునాడు పార్క్ ఎవెన్యూ యను రాజవీథిని నడచుచు 740 సంఖ్యగల మేడను వెలుపలినుండి చూచెనట. లోనికి బోనిచ్చువారెవరు?

పిదప మేమును మా వారును ఆ మేడనుగూర్చి దొరకినంత చదివితిమి. జేమ్స్ టి. లీ యనునతడు దానిని 1929లో ఆరంభించెను. 1930 అక్టోబరున తెఱచిరి. అంతస్తులు 19. అంతటి భవనమున నివాసములు 31 మాత్రమే! కొన్ని నివాసములు రెండేసి, మూడేసి అంతస్తుల నాక్రమించి, లోపలనే మెట్లు గలిగి, మేడలోని మేడలవలె నుండును. లీగారి దౌహిత్రి జాక్విలిన్, తరువాత అధ్యక్షుడు కెన్నెడీగారి భార్యయైన యామె, బాల్యమున నిచ్చటనే పెరిగినది. ఆమె తండ్రి మామగారి మేడలో అద్దె లేకుండ కాపురముండెనట. ఇల్లరికము మనదేశపు టాచారమే యని యనుకొనుట పొరపాటు.

ఆ మేడకు రూపకల్పన చేసినవారిద్దఱు: రొజారియో కాండెలా, ఆర్థర్ లూమిస్ హార్మన్. కాండెలా సిసిలీ ద్వీపమున బుట్టి అమెరికాకు వలసపోయినవాడు. తండ్రి గోడలకు పూతపని చేయువాడు. కుమారుడు కొలంబియా విశ్వవిద్యాలయమున జదివి ధనికుల మేడలకు బేరుపొందిన శిల్పి యయ్యెను. రహస్యలిపులను విప్పుటయందును దిట్టయై గ్రంథములు వ్రాసెను. ఇతని మేడలలో అతిథుల గదులు, పడకగదులు, పనివారి గదులు దేనికది వేఱుగా నుండును. పనివారికి వేఱు లిఫ్టు, వేఱు వాకిలి. వంటయింటి ప్రక్కన వారి చిన్నగదులు వరుసగా నుండును. అంత విశాలమైన నివాసములో నిరుకుగది యెవరిదో వేఱుగా జెప్పనక్కఱలేదు.

కట్టుచుండగనే 1929 అక్టోబరున వాటాల విపణి కూలెను. కొనువారు కఱవైరి, పెక్కు భాగములను అద్దెకీయవలసివచ్చెను. చమురు వ్యాపారమున గోట్లార్జించిన రాక్‌ఫెల్లరు కుమారుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ అచ్చట నివసించి, 1960లో మరణించెను. ఆయన యున్న భాగము 2000లో సుమారు 3 కోట్ల 70 లక్షల డాలర్లకు అమ్ముడువోయినదట!

ఇంత ధనమిచ్చినను కొన్నవారికి గోడలు దక్కవు. భవనమంతయు నొక సహకార సంఘమునకు జెందును. కొనువారికి సంఘములో వాటాలును, నివసించుటకొక కౌలుపత్రమును లభించును. నెలనెలా ఖర్చులకు దమవంతు చెల్లింపవలెను. అమ్మువాడును గొనువాడును ధర కుదుర్చుకొన్నంతమాత్రమున బేరము తీరదు. సంఘపు పాలకవర్గము సమ్మతింపవలెను. కొనగోరువారు ఆదాయపు లెక్కలు, పన్నుల కాగితములు, పెద్దమనుష్యుల యోగ్యతాపత్రములు సమర్పించి, పిలిచిననాడు పోయి వారియెదుట గూర్చుండవలెను. పెండ్లిచూపులకు గూర్చున్నవారికి ఆ యవస్థ విడమరచి చెప్పవలెనా?

వద్దనినచో కారణము చెప్పనక్కఱలేదు. ఏ కారణముననైనను, కారణము లేకయైనను నిరాకరింపవచ్చునని న్యూయార్కు రాష్ట్రపు టత్యున్నత న్యాయస్థానము 1959లో దీర్పుచెప్పెను. 1974లో పదవి విడిచిన అధ్యక్షుడు నిక్సన్ 1979లో అట్టి మఱియొక మేడలో వాటా కొనబోగా, అందలి నివాసులు వలదనిరి. ఆయన వేఱొకచోట విడియిల్లు కొనుక్కొనెను.

పాలకవర్గమువారి పక్షమునను న్యాయము లేకపోలేదు. ఒకరు తమవంతు చెల్లింపకున్న తక్కినవారు భరింపవలెను. 1929 తరువాత నిట్టి సంఘములు పెక్కు చితికిపోయెను. కావున లెక్కలు చూచుట తప్పుగాదు. కాని లెక్కలకొఱకు దెఱచిన ఆ తలుపుచాటున మఱియే విచారణలు జరుగునో ఎవరు కనిపెట్టగలరు? 1968 నాటి చట్టముచే జాతి, వర్ణము, మతము, పుట్టిన దేశము చూచి యిల్లు నిరాకరింపరాదని ఆ దేశమువారు విధించిరి. 1974లో స్త్రీయని నిరాకరించుటయు, 1988లో పిల్లలుగల సంసారమని నిరాకరించుటయు నిషేధించిరి. 1997లో జాతులు వేఱైన దంపతులకు జోటు లేదన్న యొక సంఘము కేసులో 6 లక్షల 40 వేల డాలర్ల పరిహారము విధింపబడెను.

పిల్లలుగల సంసారమన్న మాటయొద్ద మాకు చదువు సాగలేదు.

మా యింటివారు పొరుగూర నుందురు. పెరటి వాటా తాళపుచెవి మాయొద్దనే యుండును. కార్తికమాసమున నొక యువతి నాలుగేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని వచ్చెను. ఆసుపత్రిలో నర్సు పని. కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చి, అడిగితిమి: జీతమెంత? భర్త యెచ్చట? రాత్రిపూట పనియున్నచో బిడ్డ నెవరు చూతురు? వచ్చిపోవు చుట్టములెందఱు? మీవారేవరు? ఆమె తలవంచుకొని యన్నిటికిని బదులు చెప్పినది. భర్త విడిచిపోయినాడట. "ఇంటివారి నడిగి కబురంపెద" మంటిమి. అడుగనేలేదు. మా వారు రెండుసారులు జ్ఞాపకముచేయగా మాట దాటవేసితిమి.

మొన్న బియ్యపు దుకాణమునొద్ద నామె కనబడినది. తప్పించుకొనుటకు వీలులేకపోయెను. ఆమె నమస్కరించి మెల్లగా ననినది: "కుదరదని ఆనాడే చెప్పివుంటే బాగుండేదండీ, అమ్మగారూ. మీ కబురు వస్తుందని ఇరవై రోజులు ఇంకో ఇల్లు చూడలేదు." ఊరిచివర నొక్క గదిలో నున్నదట. పని ముగించుకొని రాత్రివేళ నడచి పోవలెను.

ఆ సాయంత్రమే యింటివారికి ఫోను చేయించితిమి. వారికే యభ్యంతరమును లేదట. వాటా యింకను ఖాళీగానే యున్నది. రేపు తాళపుచెవి తీసికొని యామె గదికి బోయెదము. వచ్చునో రాదో, పైనెల వ్రాసెదము.