పొయ్యికి ఉన్న పద్దు కార్ఖానాకు వద్దా?



బాగేపల్లి కూలీ సంఘం వారి 5,500 పేడగ్యాసు పొయ్యిల పథకం 2005లో ఐక్యరాజ్యసమితి వద్ద నమోదైన సంగతి ఈ ప్రాంతం వారికి తెలిసినదే. కట్టెలు, కిరసనాయిలు మానినందున తగ్గిన బొగ్గుపులుసు వాయువును టన్నులలో లెక్కకట్టి విదేశీయులకు అమ్మడం, ఆ సొమ్ముతో గ్యాసు తొట్లు కట్టడం అందులోని ఏర్పాటు. మంచిదే. కాని గుమాస్తాగిరీలో తల నెరసిన నాకొక సందేహం. ఇక్కడ తగ్గిన టన్ను అక్కడి చిమ్నీ పేర జమపడితే లోకానికి మిగిలిందేమి?

ఇప్పుడు విదేశీ పెట్టుబడే కార్ఖానాలై వస్తున్నది. పక్కనున్న దేవనహళ్ళికి తైవాను వారి ఫాక్స్‌కాన్ వచ్చింది. ఎకరాలు, కోట్లు, ఉద్యోగాల మాటే మా చెవిన పడుతున్నది. ఏటా ఎన్ని టన్నుల వాయువు, వాడే కరెంటు బొగ్గుదా, ఎండదా అనే మాట మాత్రం వినరాదు. కొత్త యంత్రాల వల్ల ఒక్కొక్క వస్తువుకు పొగ తగ్గవచ్చును. వస్తువులు పదింతలైతే మొత్తం పెరగదా? ఐరోపా వారు తమకు దిగుమతయ్యే ఉక్కు, సిమెంటులకు 2023 అక్టోబరు నుండి ఈ లెక్క అడుగుతున్నారు. మనమెందుకు అడగరాదు?

పేదరాలి పొయ్యికి పద్దు రాసిన చోట కార్ఖానాకూ రాయాలి. భూమి ఇచ్చేనాడే ఆ లెక్కను తాలూకా కచేరీ గోడకు అంటించవలెనని ప్రభుత్వం వారికి నా మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా, చింతామణి